ఉతికాక మిగిలిన గుడ్డ పట్టాలు

నాలుగేళ్ళ కిందట పాత దుప్పట్లు, టీషర్టులు, జీన్సు ప్యాంట్లు, ఒక ఉండ జనపనార తాడు ముందేసుకుని ఇంట్లోనే నేలమీద పరిచే పట్టాలు అల్లడం మొదలుపెట్టాను. ఇప్పటికి నాలుగయ్యాయి. రెండు ఇంకా నేలమీద ఉన్నాయి. ఒకదాన్ని కోసి రెండు చిన్నవి చేశాను. ఒకటి చెత్తలోకి పోయింది. అల్లిన రోజున నాలుగూ బాగానే ఉన్నాయి. తేడా అంతా ఉతికినప్పుడే బయటపడింది.

చెత్తలోకి పోయింది జనపనారది. చూడ్డానికి అన్నిటికంటే అందమైనది కూడా అదే. మొక్క నుంచి వచ్చిన నారే కదా, నీళ్ళలో ముంచితే ఏమవుతుందిలే అనుకున్నాను. బకెట్లో నీళ్ళు టీ రంగుకి తిరిగాయి. ఆరాక చెక్కలా బిగుసుకుపోయింది, అక్కడక్కడా గోధుమ రంగు మరకలు, పైగా తడి గోనెసంచి వాసన. రెండోసారి ఉతికేసరికి నార ఊడి ఇల్లంతా దుమ్ములా రాలింది. జనపనార తడిస్తే బలం తగ్గుతుందని, పత్తి అందుకు సరిగ్గా వ్యతిరేకమని, తడిసినప్పుడు దాని బలం ఇంకా పెరుగుతుందని తర్వాత తెలిసింది. జనపనార పట్టా కావాలంటే నీళ్ళు తగలని చోట వేసుకుని దులుపుకోవడమే. ఉతకాలనుకుంటే మాత్రం దాని జోలికి వెళ్ళకండి.

ఎక్కువ రోజులు నిలిచింది దుప్పట్లది. రెండు పెద్ద నూలు దుప్పట్లను రెండంగుళాల పీలికలుగా చింపి, మూడు పాయల జడ అల్లి, కోడిగుడ్డు ఆకారంలో చుట్టుకుంటూ కుట్టాను. మొదట్లో నడిమి జడ ఎంత పొడవు ఉండాలో తెలీక తంటాలు పడ్డాను. లెక్క తేలికే: కావాల్సిన పొడవులోంచి వెడల్పు తీసేయాలి. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు కావాలంటే నడిమి జడ ఒక అడుగు. వంపుల దగ్గర జడను లాగి కుడితే పట్టా పళ్ళెంలా పైకి లేస్తుంది, మరీ వదులుగా కుడితే అంచులు అలల్లా ఊగుతాయి. నాది పళ్ళెం అయింది. సగం విప్పి మళ్ళీ కుట్టాను. సాయంత్రాలు కూర్చుంటే మొత్తం మూడు వారాలు పట్టింది.

కుట్టడానికి మామూలు నూలు దారం వాడాను. అంతా సహజమైనదే ఉండాలన్న పంతం. పది పన్నెండు ఉతుకులకే వంపుల దగ్గర దారం తెగడం మొదలైంది, గుడ్డ మాత్రం చెక్కుచెదరలేదు. పంతం పక్కనపెట్టి మందపాటి నైలాన్ దారంతో మళ్ళీ కుట్టాను. ఈసారి దబ్బనాన్ని గుడ్డలో గుచ్చకుండా జడ పాయల సందుల్లోంచే పోనిచ్చాను. దారం లోపల దాగిపోయి కాళ్ళ రాపిడి తగలదు, పట్టాను రెండువైపులా తిప్పి వేసుకోవచ్చు. రెండేళ్ళయింది, ఒక్క కుట్టు కూడా వదల్లేదు.

టీషర్టులది స్నానాల గది ముందుంది. టీషర్టును అంగుళం వెడల్పున చుట్టూ తిప్పుతూ కత్తిరించి, కాస్త లాగితే అంచులు లోపలికి ముడుచుకుని తాడులా అయిపోతుంది. ఆ పని ఎంత సరదాగా ఉంటుందంటే అవసరానికి మించి కత్తిరించి పెట్టుకున్నాను. లావు క్రోషే సూదితో గుండ్రంగా అల్లాను. మెత్తగా ఉంటుంది, నీళ్ళు బాగా పీలుస్తుంది. ఒకసారి తొందరలో తాడుమీద ఆరేస్తే నీళ్ళ బరువుకి సాగి గుండ్రటిది కాస్తా సొరకాయ ఆకారానికి వచ్చింది. అప్పట్నుంచి కుర్చీల మీద పరిచే ఆరబెడుతున్నాను. పాలియెస్టర్ కలిసిన టీషర్టులు ఇలాంటి పట్టాకి దండగ. త్వరగా ఆరతాయి, నిజమే, కానీ తడి కాళ్ళు పెడితే తడి అలాగే ఉంటుంది. రంగు బాగుందని ఓ పాత ఉన్ని స్వెట్టర్ పీలికలు కూడా కలిపాను. వేడినీళ్ళలో పడగానే ఉన్ని బిగుసుకుని ఆ వరుస అంతా ముడతలు పడింది. ఉన్ని వెంట్రుక మీద సన్నటి పొలుసులుంటాయి. వేడి, రాపిడి తగిలితే అవి ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, ఇక విడదీయలేం. రెండు రకాల గుడ్డలు ఒకే పట్టాలో కలపనని అప్పుడే ఒట్టేసుకున్నాను.

ఇక జీన్సు. గట్టిదనంలో దీనికి పోటీ లేదు, కానీ ఉతికేవాళ్ళ నడుం విరగ్గొడుతుంది. పొడిగా ఉన్నప్పుడే బరువు, తడిసాక ఒక్కదాన్నే ఎత్తలేకపోయాను. ఆరడానికి రెండు రోజులు, మబ్బుగా ఉంటే మూడు, అప్పటికి ముక్కవాసన మొదలు. పైగా తడి పాదాలకి నీలం రంగు అంటేది. నీలిమందు పోగు లోపలిదాకా వెళ్ళదు, ఎక్కువగా పైపైనే ఉంటుంది, అందుకే రాపిడికి వస్తూనే ఉంటుంది. ఉప్పు నీళ్ళలో, వెనిగర్‌లో నానబెట్టి చూశాను, ఏమీ మారలేదు. చివరికి దాన్నే కోసి రెండు చిన్నవి చేశాను. ఇప్పుడు ఉతకడం, ఆరేయడం రెండూ తేలికయ్యాయి. ఉతికే పట్టా ఎంత పెద్దదుండాలో గది చూసి కాదు, బకెట్ చూసి నిర్ణయించుకోవాలి.

జారకుండా ఉండాలని దుప్పట్ల పట్టా అడుగున రబ్బరు పూత పూయడం నేను చేసిన ఇంకో తెలివితక్కువ పని. నాలుగైదు ఉతుకులకి పగిలి పెచ్చులుగా రాలింది, ఆ పొడి కడగడానికే ఒక పూట పట్టింది. ఇప్పుడు విడిగా రబ్బరు జల్లెడలాంటి షీటు కింద వేసి, దానిమీద పట్టా పరుస్తున్నాను. ఉతికేటప్పుడు షీటు పక్కన పెట్టేస్తే చాలు.

కత్తిరించే ముందు గుడ్డను ఒకసారి ఉతికి ఆరేయండి, ముఖ్యంగా కొత్త గుడ్డ కలుపుతుంటే. ఉతికేటప్పుడు ముందు బాగా దులిపి, చన్నీళ్ళలో నానబెట్టి, తొక్కి జాడిస్తాను. మెత్తదనం కోసం పోసే ద్రవాలు వాడను, వాటి పూతకి నూలు నీళ్ళు పీల్చడం తగ్గుతుంది.

మళ్ళీ చేస్తే దుప్పట్లతోనే చేస్తాను, ఇంతకంటే చిన్నది. అలమరలో ఇంకా ఆరు జీన్సు ప్యాంట్లున్నాయి, ఎవరైనా సంచులు కుట్టుకుంటానంటే ఇచ్చేస్తాను.