పెయిన్‌చెక్ యాప్: డిమెన్షియా వింగ్‌లో చాలాకాలం వాడాక

నేను మెల్‌బోర్న్‌లో ఏజ్డ్ కేర్‌లో, అంటే పెద్దవాళ్ళని చూసుకునే హోమ్‌లో నర్సుని, డ్యూటీ ఎక్కువగా డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వింగ్‌లోనే. నోటితో చెప్పలేనివాళ్ళకి నొప్పి ఎంతుందో అంచనా వేసే ఫోన్ యాప్ పెయిన్‌చెక్, కోవిడ్ సద్దుమణిగినప్పట్నుంచీ మేం దీన్ని వాడుతున్నాం. కొత్తగా చేరే మనవాళ్ళందరూ ఇది పనికొస్తుందా లేక ఇంకో రాతకోతల గొడవేనా అని అడుగుతున్నారు, అందుకే రాస్తున్నా.

ఫోన్ అలా ముఖానికి చూపిస్తే నొప్పి ఎంతో చెప్పేస్తుంది అనుకుంటారు చాలామంది. అంత సీను లేదండి. పెర్త్‌లో కర్టిన్ యూనివర్సిటీలో పుట్టింది ఇది, మొత్తం 42 అంశాలు, అందులో ముఖానికి సంబంధించిన 9 మాత్రం కెమెరా చూసుకుంటుంది, 3 సెకన్ల వీడియోలో కనుబొమలు ముడిపడ్డాయా, ముక్కు చిట్లించారా, పైపెదవి లేచిందా అని. మిగతా 33 మనమే టిక్ పెట్టాలి, మూలుగు, తోసెయ్యడం, నిద్ర, తిండి, ఒంటి మీద దెబ్బలూ పుండ్లూ అన్నీ. మొత్తం స్కోరు 6 దాకా అయితే నొప్పి లేనట్టు, 7 నుంచి 11 కొద్దిగా, 12 నుంచి 15 ఒక మోస్తరు, 16 నుంచి పైకి తీవ్రం. అంటే టిక్ పెట్టేవాళ్ళ కన్ను ఎంత మంచిదో స్కోరూ అంతే.

మరి లాభం ఏంటంటే, మా దగ్గర ఒక ఇటాలియన్ పెద్దావిడ ఉండేది, జబ్బు ముదిరాక ఇంగ్లిష్ మొత్తం పోయింది, పొద్దున్నే స్నానానికి లేపితే చాలు గోళ్ళతో రక్కేసేది, షిఫ్ట్ మారేటప్పుడు హ్యాండోవర్‌లో రోజూ అగ్రెసివ్ అనే మాటే, రిస్పెరిడోన్ (మానసిక జబ్బులకి వాడే మందు) దాకా వెళ్ళింది వ్యవహారం. ఊరికే కూర్చున్నప్పుడు చూస్తే స్కోరు నొప్పి లేనట్టే వచ్చింది, మంచం మీద పక్కకి తిప్పేటప్పుడు చూస్తే 14! ఎక్కడ నొప్పో యాప్ చెప్పదు, చెయ్యి పెట్టి వెతికితే తుంటి. జీపీకి (మామూలు డాక్టర్‌కి) ఆ రెండు నంబర్లూ పక్కపక్కన చూపిస్తే స్నానానికి ముందు పడేలా రెగ్యులర్‌గా పనడాల్ (పారాసిటమాల్) రాశారు. రక్కడం బాగా తగ్గింది, పూర్తిగా పోయిందని చెప్పను. నర్సు "నొప్పిలా ఉంది డాక్టర్" అంటే వినేదానికీ నంబర్ చూపిస్తే వినేదానికీ తేడా ఉంది మరి, బాధగా ఉన్నా అదే నిజం.

ఇకపోతే భయం, ఆకలి, మలబద్ధకం, ఏదైనా ముఖం ముడుచుకునేలా చేస్తుంది, అన్నీ నొప్పి ఖాతాలో వెయ్యకూడదు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకి ముఖం కండరాలే సరిగా కదలవు, అక్కడ కెమెరా కంటే మన టిక్కులే దిక్కు. ఇంకోటి, నొప్పి మందు వేశాక గంటకి మళ్ళీ స్కోరు చూడాలి, మా దగ్గర స్టాఫ్ తక్కువైన రోజు ముందు ఎగిరిపోయేది అదే.

నా రేటింగ్ 5కి 4.

ఇంటి దగ్గర అమ్మానాన్నల్ని చూసుకుంటూ అడిగినవాళ్ళకి, ఈ యాప్ లేకపోయినా పర్లేదు, పెయినాడ్ అని కాగితం స్కేల్ ఉంది, ఊపిరి, అరుపులు, ముఖం, ఒంటి తీరు, ఊరుకోబెడితే ఊరుకుంటున్నారా లేదా, ఈ 5కీ తలా 0 నుంచి 2. పడుకున్నప్పుడు ఒకసారి, లేపి నడిపించేటప్పుడు ఒకసారి వేసి రెండూ డాక్టర్‌కి చూపించండి.