విఫ్, నెఫ్: ఏది లేకపోతే హెచ్‌ఐవీకి పెద్ద దెబ్బ?

హెచ్‌ఐవీకి ఉన్నవే 9 జన్యువులు. అందులో విఫ్, నెఫ్ రెండిటినీ "అదనపు" జన్యువులంటారు గానీ విఫ్‌కి ఆ పేరు అస్సలు నప్పదు. హెచ్‌ఐవీ దాడి చేసే మన రోగనిరోధక కణాలైన సీడీ4 టీ కణాల్లో అపోబెక్3జీ అనే ప్రోటీన్ ఉంటుంది. అది కొత్తగా తయారయ్యే వైరస్‌లో దూరి కూర్చుని, ఆ వైరస్ తర్వాతి కణంలోకి వెళ్లి తన ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా రాసుకునేటప్పుడు సీ అక్షరాలను యూగా మార్చేస్తుంది, దాంతో జన్యు సమాచారమంతా తప్పులతడక. విఫ్ ఈ ప్రోటీన్‌ని పట్టుకుని కణం సొంత చెత్త పారేసే యంత్రాంగానికే అప్పజెబుతుంది. విఫ్ తీసేస్తే కొన్ని ల్యాబ్ కణాల్లో వైరస్ బాగానే పెరుగుతుంది (వాటిలో అపోబెక్ ఉండదు మరి), మనిషి నుంచి తీసిన టీ కణాల్లో మాత్రం చతికిలపడుతుంది.

నెఫ్ లేకపోయినా వైరస్ బతుకుతుంది, కాకపోతే నెమ్మదిగా. నెఫ్ కణం మీద ఉండే సీడీ4 ప్రోటీన్‌ని, లోపల వైరస్ ఉందని బయటికి చూపించే ఎంహెచ్‌సీ-1 ప్రోటీన్‌ని తగ్గించేసి, సోకిన కణం దాన్ని చంపే కిల్లర్ టీ కణాల కంట పడకుండా చూస్తుంది. ఆస్ట్రేలియాలో నెఫ్ దెబ్బతిన్న వైరస్ రక్తమార్పిడి ద్వారా సోకినవాళ్లు ఏళ్ల తరబడి ఎయిడ్స్ రాకుండా ఉన్నారు, అయితే కొందరిలో సీడీ4 కణాల సంఖ్య చివరికి తగ్గింది.

మందుకి గురి ఏదంటే నా ఓటు విఫ్‌కే. అరకొరగా ఆపితే మాత్రం మ్యుటేషన్లు పెరిగి వైరస్‌కే లాభం కావచ్చు, అదొక్కటే టెన్షన్.