ఇంటి ముందు ఐదడుగులు: టైల్సా, గడ్డా, మొక్కలా?

హైదరాబాద్ నాగోలులో మాది 200 గజాల స్థలం. ఇల్లు దాదాపు పూర్తయ్యాక మేస్త్రీ వచ్చి, "సార్, ముందర టైల్స్ ఎప్పుడేద్దాం?" అన్నాడు. వేద్దామా వద్దా అని కాదు, ఎప్పుడని! గేటుకీ గోడకీ మధ్య ఉన్నది ఐదడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు. ఆ కాస్త జాగా మీద ఇంట్లో మూడు పార్టీలు. నాన్నది టైల్స్, మా ఆవిడది మెత్తటి గడ్డి, నాది మొక్కలు. గేటు బయట ముగ్గుకి చోటుంటే అమ్మకి ఏదైనా ఒకటే.

ముందు రూల్ సంగతి. ఇళ్ల నిర్మాణ నిబంధనల మీద 2012లో వచ్చిన 168 జీవో ప్రకారం ఇంటి ముందు వదిలే ఖాళీలో కనీసం ఒక మీటరు వెడల్పున పచ్చదనం పెంచాల్సిందే. స్థలం 300 చదరపు మీటర్లు, అంటే సుమారు 360 గజాలు దాటితే మిగతా వైపులా ప్రహరీ వెంట కూడా మీటరు పట్టీ వదలాలి. ప్లాన్ కాగితం మీద ఆ పట్టీ అందరికీ ఉంటుంది. మా వీధిలో చూస్తే మాత్రం గోడ నుంచి గోడకి టైల్స్ తళతళలాడుతుంటాయి.

టైల్స్‌లో సుఖం లేదని అనను. బకెట్ నీళ్లు కొడితే శుభ్రం. అద్దెకున్నవాళ్ల బైకులు పెట్టుకోవచ్చు, వానాకాలం బురద లోపలికి రాదు. కానీ లెక్క వేసి చూశాను. మా ముందున్న జాగా సుమారు 14 చదరపు మీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి 800 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. అంటే ఆ ఐదడుగుల మీదే 11 వేల లీటర్లు. టైల్స్ వేస్తే అదంతా గేటు కింది నుంచి రోడ్డు మీదికే. బోరు ఎండిపోయిందని మేలో ఏడ్చేదీ మనమే, జూలైలో నీళ్లు రోడ్డుకి తోలేదీ మనమే. పైగా ఏప్రిల్‌లో మధ్యాహ్నం ఆ టైల్స్ మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేయండి చూద్దాం. బండ తప్పదంటే తాండూరు బండలు వేలెడు సందు వదిలి, ఆ సందుల్లో ఇసుక నింపి పరిస్తే కొంత నయం. కొంత నీరైనా లోపలికి దిగుతుంది.

ఇక గడ్డి. దీనికి నీళ్లు తెగ కావాలని అందరూ భయపెడతారు. ఎండాకాలంలో చదరపు మీటరుకి రోజుకి ఐదు లీటర్లు వేసుకున్నా మా జాగాకి 70 లీటర్లు, నెలకి రెండు వేల పైచిలుకు. నగరానికి మంచినీళ్లిచ్చే జలమండలి నెలకి ఉచితంగా ఇచ్చే 20 వేల లీటర్లలో అది పదో వంతు. కాబట్టి గడ్డికి శత్రువు నీళ్లు కాదు, నీడ. ఎదురుగా మూడంతస్తుల ఇల్లు, మనది రెండు. ఎండ పడేది రోజుకి రెండు గంటలు. మా పక్కింటాయన జూలైలో మెక్సికన్ గడ్డి పరిపించాడు. సంక్రాంతి నాటికి గోడ పక్కన పాలిపోయింది, మధ్యలో తుంగ లేచింది. ఇంత చిన్న జాగాకి మాలి రాడు, వస్తే సగం రోజు కూలి అడుగుతాడు. మూడింటిలో నేను ముందుగా కొట్టేసేది దీన్నే.

మొక్కలు అన్నప్పుడు పొదలు వేరు, చెట్లు వేరు. ఐదడుగుల్లో వేప నాటడం పుణ్యమే గానీ, పక్కనే సంపు ఉంది, పైన కరెంటు తీగలున్నాయి. పదేళ్ల తర్వాత వద్దనుకుంటే మన ఇష్టం కాదు. మన స్థలంలో చెట్టయినా సరే, కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోవాలి. 2021లో సైదాబాద్‌లో ఇల్లు కట్టడానికి నలభై ఏళ్ల వేపచెట్టు కొట్టేస్తే, ఎనిమిదో తరగతి పిల్లాడు ఫోన్ చేసి ఫిర్యాదు చేశాడు. అటవీశాఖ ఆ ఇంటాయనకి 62,075 రూపాయల జరిమానా వేసింది. పెద్ద స్థలమున్నవాళ్లు హాయిగా నాటుకోవచ్చు. మాలాంటివాళ్లకి పారిజాతం, నందివర్ధనం, మందారం, కరివేపాకు చాలు. మునగ జోలికి మాత్రం వెళ్లకండి. పాతింట్లో ఒకసారి మాను నిండా గొంగళి పురుగులు పట్టి, వారం రోజులు కిటికీలు తెరవలేదు.

మొక్కలకీ ఒక లోపముంది, దోమలు. కుండీల కింద ప్లేట్లలో నిలిచిన నీరు డెంగీ దోమకి చాలు. ఇంట్లో నిలిచిన నీళ్లు పారబోయమని 2020లో మున్సిపల్ శాఖ "ప్రతి ఆదివారం పది గంటలకి పది నిమిషాలు" అని ప్రచారం చేసింది గుర్తుందా? ఆ అలవాటు ఉన్నవాళ్లే కుండీలు పెట్టాలి. నేల మీద నాటితే ప్లేట్ల బెడద ఉండదు.

లోపల చోటు చాలక కొందరు ప్రహరీ బయట జాలీ కట్టి తోట పెంచుతారు. అది రోడ్డు జాగా. మా వీధి చివర ఒకాయన జాలీ, గులాబీలతో సహా, డ్రైనేజీ పనులప్పుడు ఒక్క పూటలో పోయింది.

చివరికి గేటు నుంచి గుమ్మం దాకా నాలుగడుగుల వెడల్పు బాట తాండూరు బండలతో వేయించాం. మిగిలిందంతా ఎర్రమట్టి, అందులో మొక్కలు. వాన పడ్డప్పుడల్లా కొత్త సున్నం మీదికి మట్టి చిందుతోందని నాన్న సణుగుతూనే ఉన్నారు. ముందుగానే కొనేసిన ఆరు టైల్స్ డబ్బాలు మెట్ల కింద ఉన్నాయి. అమ్మేద్దామంటే ఆయన ఒప్పుకోవడం లేదు.