ఎండకు తెల్లబడ్డ మా పాత స్విఫ్ట్ ప్లాస్టిక్: ఐదేళ్లలో ఏది నిలిచింది, ఏది పోయింది

మాది 2009 స్విఫ్ట్ ఎల్‌డీఐ, తెల్ల రంగు, ఏపీ 24 నంబర్. బత్తాయి కాపు అమ్మిన పైసలతో నాయిన కొన్న మొదటి కారు. పోయిన ఏడాది పదిహేనేళ్లు నిండితే రిజిస్ట్రేషన్ ఇంకో ఐదేళ్లకు రెన్యువల్ చేయించాం, అమ్మే ఆలోచన లేదు. ఇంజన్ బాగుంది, దాని గురించి చెప్పను. నేను ఐదేళ్లుగా తిప్పలు పడుతున్నది బయటి నల్ల ప్లాస్టిక్‌తో, రాసేదంతా దాని గురించే.

మా మోడల్‌కి డోర్ హ్యాండిళ్లు, సైడ్ మిర్రర్లు బాడీ రంగులో రావు, నల్లగానే వస్తాయి. వాటికి తోడు వైపర్ల కింద ఉండే పొడవాటి ప్లాస్టిక్ (షాపులో కౌల్ అంటారు), అద్దాల కింది బీడింగ్ (అద్దం దిగే చోట ఉండే పట్టీ), పైకప్పు మీది రెండు పట్టీలు, తర్వాత అంటించిన సైడ్ మౌల్డింగ్ (డోర్ల మీది పట్టీ), ముందు బంపర్ కింది జాలీ. నల్లగొండలో మా ఇంటికి పోర్టికో లేదు. బండి ఎప్పుడూ వేప చెట్టు పక్కనే నిలబడుతుంది, ఒక వైపు నీడ, ఒక వైపు ఎండ. 2020 లాక్‌డౌన్‌లో రెండు నెలలు కదలకుండా ఉన్నాక ఒకరోజు కడుగుతూ చూస్తే, ఎండ వైపు ఉన్నవన్నీ బూడిద రంగుకు తిరిగాయి, చెట్టు వైపు మిర్రర్ మాత్రం ఇంకా నల్లగానే ఉంది. ఎండ వైపు దాన్ని వేలితో రుద్దితే సుద్దముక్క పట్టుకున్నట్టు తెల్లపొడి అంటింది. అన్నేళ్లుగా రోజూ చూస్తున్న బండే, అయినా ఆ రోజే మొదటిసారి కనబడినట్టు అనిపించింది.

ఇందులో కంపెనీ తప్పేమీ లేదు, ఎండలో నిలబడే ఏ బండికైనా ఇదే జరుగుతుంది. ఈ భాగాలు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో చేస్తారు, విప్పి వెనక్కి తిప్పి చూస్తే పీపీ అని అచ్చు కనబడుతుంది, కొన్నిటి మీద ఏబీఎస్ అని ఉంటుంది. ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలు పై పొరలోని అణువుల గొలుసులను తెంపుతాయి, ఆ చెడిపోయిన పొరే తెల్లగా కనబడేది. లోపలి ప్లాస్టిక్ ఇంకా నల్లగానే ఉంటుంది. దీనికి తోడు మన బోరు నీళ్లు. నల్లగొండ నీళ్ల గురించి మనకు చెప్పాల్సింది లేదు, బండి కడిగి తుడవకుండా వదిలేస్తే ఆరిన ప్రతి చుక్క ఒక తెల్ల మచ్చ. నేను ఎండ వల్ల అనుకున్నదాంట్లో దాదాపు సగం ఈ ఉప్పు మచ్చలేనని చాలా ఆలస్యంగా తెలిసింది.

మొదటి ఏడాది అందరూ చేసేదే చేశాను. వాటర్ సర్వీసింగ్ తమ్ముడు, "గింత దానికి పరేషాన్ ఎందుకన్నా, టైర్ పాలిష్ కొట్టు, నల్లగ నిగనిగలాడ్తది" అన్నాడు. నిజంగానే నిగనిగలాడింది, వారం రోజులు. అది సిలికాన్ నూనె, ప్లాస్టిక్‌లోకి ఇంకదు, పైన జిగటగా ఉంటుంది. నేను రోజూ మిర్యాలగూడ వెళ్లొస్తాను, అక్కడ రైస్ మిల్లుల ఊక బూడిద గాలిలో ఉంటుంది, అదంతా వచ్చి ఆ జిగట మీద పేరుకునేది. వాన పడితే మిర్రర్ నుంచి డోర్ మీదికి నల్లటి చారలు. కొబ్బరి నూనె కూడా రాశాను, అది నాలుగు రోజులు. బూట్ పాలిష్ జోలికి మాత్రం పోకండి, మీ బండి తెల్లదైతే అసలే వద్దు, ఎవరైనా ఆనుకుంటే బట్టలు ఖరాబే. ఈ పూతల వల్ల పైసలు పోయినందుకు కాదు నా బాధ. తర్వాత రంగు వేద్దామనుకున్నప్పుడు ఆ సిలికాన్ అంతా అడ్డం పడింది, ఆ సంగతి కిందికి వస్తే చెప్తాను.

2021 మేలో హీట్ గన్ కొన్నాను. వేడి గాలి తగిలిన చోట బూడిద రంగు కళ్ల ముందే నల్లగా మారుతుంది, ఆ మార్పు చూస్తుంటే భలే సంతోషంగా ఉంటుంది, సందేహం లేదు. పై పొర కొంచెం కరిగి సర్దుకుంటుంది కాబట్టి అలా కనబడుతుంది. కానీ ఒకేచోట నాలుగు సెకన్లు ఎక్కువ పెట్టాను, బంపర్ జాలీలో ఒక పుల్ల వంగిపోయింది, మళ్లీ నిటారు కాలేదు. మిర్రర్ మీద గింజ గింజగా ఉండే అచ్చు ఒకచోట చదునై మెరుస్తోంది. కౌల్ దగ్గర అసలు వాడలేదు, ముందు అద్దానికి అంత దగ్గరలో వేడి పెడితే పగిలే ప్రమాదం ఉంది. ఇంత చేసినా తర్వాతి ఏప్రిల్‌కి బూడిద రంగు మళ్లీ వచ్చింది. రెండోసారి వేడి పెడితే మొదటిసారి వచ్చినంత నలుపు రాలేదు. అమ్మేముందు బండి బాగా కనబడాలంటే సరిపోతుందేమో, ఉంచుకునే బండికి ఇది పనికొచ్చే దారి కాదు.

మధ్యలో ఒక పెయింటింగ్ షాపులో నాలుగు హ్యాండిళ్లకు నల్ల రంగు వేయించాను. తెచ్చుకున్న రోజు కొత్త బండిలా ఉంది. మూడు నెలలకు సర్వీసింగ్‌లో ప్రెషర్ నీళ్లు కొడితే అప్పడంలా పొరలు లేచాయి. అడిగితే, ప్లాస్టిక్ మీద అంతే అన్నారు. అంతే కాదు. పాలీప్రొపిలీన్ మీద మామూలు రంగు పట్టదు, పెరుగు డబ్బా మీద పెన్నుతో రాస్తే ఎలా చెరిగిపోతుందో అలాగే. ముందు ప్లాస్టిక్ ప్రైమర్ అని విడిగా దొరికేది కొట్టాలి, వాళ్లు కొట్టలేదు. ఆ పొరలను గీకి తీయడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది.

2022 జనవరిలో నేనే మొదలుపెట్టాను. రంగు కంటే కడగడానికే ఎక్కువ టైం పట్టింది, పట్టాలి కూడా. గిన్నెలు తోమే లిక్విడ్, నైలాన్ బ్రష్, నాలుగుసార్లు కడిగాను, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసిన తెల్ల గుడ్డతో తుడిచాను, గుడ్డ మీద నల్ల జిడ్డు రావడం ఆగేదాకా తుడిచాను, ఒక్క మిర్రర్‌కే పదకొండు గుడ్డ ముక్కలు పోయాయి. టైర్ పాలిష్ సిలికాన్ గోరంత మిగిలినా రంగు అక్కడ విడిపోయి గుండ్రని గుంటలు పడతాయి, పెయింటర్లు ఫిష్ ఐ అంటారు. మొదటి హ్యాండిల్‌కి నాకు సరిగ్గా అవే పడ్డాయి, మళ్లీ మొదటికొచ్చి కడిగాను. తర్వాత తడిపి 600 నంబర్ సాండ్ పేపర్‌తో నెమ్మదిగా రుద్దాలి, పొడిగా గట్టిగా రుద్దితే ఈ ప్లాస్టిక్‌కి నూగు లేస్తుంది. ప్లాస్టిక్ ప్రైమర్ పలచగా ఒక్క పూత, దాని మీద శాటిన్ బ్లాక్ (కొద్దిగా మెరిసే నలుపు) మూడు పలచని పూతలు, పూతకీ పూతకీ మధ్య పది నిమిషాలు. గ్లాసీ బ్లాక్ (బాగా మెరిసేది) వద్దు, ప్రతి గీతా కనబడుతుంది. పూర్తి మ్యాట్ (మెరుపే లేనిది) కూడా వద్దు, ఇంకా పాతదిలాగే ఉంటుంది.

ఒక మాట మన వైపు వాళ్ల కోసం. ఈ పని ఎండాకాలంలో పెట్టుకోవద్దు. 43 డిగ్రీల్లో స్ప్రే కొడితే రంగు ప్లాస్టిక్‌కి చేరేలోపే గాలిలో సగం ఆరిపోయి ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. వానాకాలం తేమలో కొడితే పాలిపోయినట్టు తెల్లగా మసకబారుతుంది. డిసెంబర్, జనవరిలో మంచు విడిచాక తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా, గాలి లేని రోజు చూసుకోండి. బాడీకి మాస్కింగ్ టేపు, పేపరు మీరనుకున్న దానికంటే మూరెడు ఎక్కువ కప్పండి. నేను తక్కువ కప్పి వెనక డోర్ మీద నల్ల తుంపర తెచ్చుకున్నాను, అది పోవడానికి మళ్లీ ఒక పూట పట్టింది.

మిర్రర్ల దగ్గర ఒక పరీక్ష పెట్టాను. ఎడమ దానికి రంగు, కుడి దానికి చిన్న సీసాలో వచ్చే సిరామిక్ ట్రిమ్ కోటింగ్. కోటింగ్‌కి పేపర్‌తో రుద్దే పని లేదు, శుభ్రంగా కడిగి ఆల్కహాల్‌తో తుడిచి, స్పాంజితో పూసి, ఒక రోజంతా నీళ్లు తగలకుండా ఉంచాలి. మూడున్నరేళ్ల తర్వాత ఇదీ లెక్క. రంగు వేసిన ఎడమది ఇప్పటికీ నల్లగా ఉంది, కానీ క్లాక్ టవర్ దగ్గర ఒక బైక్ హ్యాండిల్ రాసుకుపోయిన చోట పెచ్చు ఊడి కింది బూడిద రంగు కనబడుతోంది, అక్కడ టచప్ చేసినా మచ్చ తెలుస్తుంది. పైగా ఆ గింజల అచ్చు కొంత పూడిపోయింది, దగ్గరికెళ్లి చూస్తే రెండు మిర్రర్లూ వేరువేరుగా ఉంటాయి, నాకు రోజూ కనబడుతుంది. కోటింగ్ వేసిన కుడిది రెండో ఎండాకాలం దాటాక తగ్గింది, 2024 జనవరిలో కడిగి మళ్లీ పూశాను, గంట పని. ఊడదు, పెచ్చులు లేవవు, అచ్చు చెడదు. నా వరకు గరుకు ప్లాస్టిక్‌కి కోటింగే మేలు, గోళ్లు, తాళాలు తగిలే నునుపు హ్యాండిళ్లకు ప్రైమర్ వేసి రంగు. హ్యాండిళ్లు ఇప్పటిదాకా ఊడలేదు, డ్రైవర్ వైపు దాని లోపలి అంచు దగ్గర మాత్రం వేళ్లు తగిలే చోట కాస్త అరిగింది.

కౌల్, బీడింగ్ మాత్రం 2023లో కొత్తవే వేశాను. కౌల్ విప్పుతుంటే క్లిప్పులు బిస్కెట్‌లా విరిగాయి, అంత పెళుసెక్కిన ప్లాస్టిక్‌కి ఎంత రంగు వేసినా దండగే. బీడింగ్ అయితే అందం కోసం కాదు, గట్టిపడితే అద్దం దించిన ప్రతిసారి గీతలు పడతాయి, వాన నీళ్లు డోర్‌లోకి దిగుతాయి. మొదట ఒరిజినల్ ధరలో మూడో వంతుకు దొరికిన లోకల్ బీడింగ్ వేశాను, ఒక్క ఎండాకాలానికే మెలికలు తిరిగి పైకి లేచింది. తర్వాత ఛాసిస్ నంబర్ ఇచ్చి ఒరిజినల్ ఆర్డర్ పెట్టాను, నాలుగు రోజుల్లో వచ్చింది, రెండు ఎండాకాలాలు చూసింది, మెత్తగానే ఉంది. కౌల్‌తో పాటు క్లిప్పులు కూడా కొత్తవి కొనడం మర్చిపోవద్దు.

ఇప్పుడు నేను రోజువారీ చేసేది రెండే. బోరు నీళ్లతో కడిగితే ఎండలో ఆరనివ్వకుండా మైక్రోఫైబర్ గుడ్డతో వెంటనే తుడుస్తాను. ఉప్పు మచ్చలు పడితే లీటర్ నీళ్లలో ఒక చెంచా నిమ్మ ఉప్పు కలిపి, గుడ్డతో అద్ది రెండు నిమిషాలాగి నల్లా నీళ్లతో కడిగేస్తాను, తేలిగ్గా పోతాయి. కొత్తవాళ్లు ముందు ఇది చేసి చూడండి, మీ ప్లాస్టిక్ చెడిపోలేదేమో, ఉప్పు పేరుకుందేమో.

మొన్న నాయిన బండి చుట్టూ తిరిగి కుడి మిర్రర్ మీద చెయ్యి పెట్టి, "ఇది మార్చినవా బిడ్డా?" అని అడిగాడు. లేదు నాయినా, పాతదే అన్నాను. పైకప్పు పట్టీలు, ఆ వంగిన జాలీ ఇంకా మిగిలాయి. జాలీ ఆర్డర్ పెట్టాను, పట్టీల పని డిసెంబర్‌లో.