జీతంలో కోతా, సబ్బు మీద పన్నా: కొలువులకు ఏది మేలు?

15,000 బేసిక్ ఉన్న ఓ సేల్స్‌గర్ల్ పే స్లిప్ చూడండి. పీఎఫ్ కింద 12 శాతం, అంటే 1,800 పోయి చేతికొచ్చేది 13,200. ఈఎస్‌ఐ పక్కనపెట్టినా, ఓనరు తన వాటాగా కట్టే మరో 1,800, బీమా, నిర్వహణ ఛార్జీల కింద 150 కలిపి ఆమె కోసం షాపు ఓనరుకు అయ్యేది 16,950. ఇరవయ్యో మనిషిని పెట్టుకోగానే పీఎఫ్ చట్టం వర్తిస్తుంది. పందొమ్మిది దగ్గర ఓనరు ఎందుకు తటపటాయిస్తాడో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది.

మరి ఈ భారం తీసి జీఎస్టీ మీద వేస్తే? జర్మనీ 2007 జనవరిలో కొంతవరకు ఇదే చేసింది. వ్యాట్‌ను 16 నుంచి 19 శాతానికి పెంచి, జీతాల మీద కట్టే నిరుద్యోగ బీమా చందాను 6.5 నుంచి 4.2 శాతానికి దించింది. జీతగాళ్లకు, యజమానులకు ఊరట. పింఛనుదారులు ఆ చందా కట్టరు కాబట్టి వాళ్లకు తగ్గిందేమీ లేదు, కొట్లో బిల్లు మాత్రం పెరిగింది. తిండి సరుకుల మీద 7 శాతమే ఉంచారు, అదొక్కటి నయం.

మన దగ్గర ఆ పింఛనుదారుల లాంటివాళ్లే ఎక్కువ. మిరప కోతకు వెళ్లే ఆడవాళ్లు, పొద్దున్నే అడ్డా మీద నిలబడే కూలీలు. పే స్లిప్పే లేనివాళ్లకు కోత తగ్గితే ఒరిగేదేముంది? సబ్బు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరులో 18 నుంచి 5 శాతానికి దిగింది. మళ్లీ పెంచితే వాళ్లకు తగిలేది అదే. పైగా పీఎఫ్ ఎప్పటికైనా తిరిగొచ్చే సొంత డబ్బు, సబ్బు మీద కట్టింది రాదు.

అలాగని పీఎఫ్ లెక్క సరిగ్గా ఉందనీ అనను. తప్పనిసరి వాటా 15,000 దగ్గరే ఆగుతుంది. లక్ష బేసిక్ ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగికీ కంపెనీ 1,800 కట్టి ఊరుకోవచ్చు. అతని బేసిక్‌లో అది 1.8 శాతం, సేల్స్‌గర్ల్ బేసిక్‌లో 12. బరువంతా చిన్న జీతాల మీదే.

అందుకే నా ఓటు 2016 నాటి ప్రధానమంత్రి రోజ్‌గార్ ప్రోత్సాహన్ యోజన పద్ధతికి. 15,000 లోపు జీతంతో కొత్తగా చేరినవాళ్లకు యజమాని కట్టాల్సిన 8.33 శాతం పింఛను వాటాను మూడేళ్లు కేంద్రమే భరించింది. 2018 ఏప్రిల్ నుంచి మొత్తం 12 శాతం. అదీ జనం పన్నుల సొమ్మే, కానీ చేరాల్సిన చోటికే చేరింది. చిక్కల్లా నాలుగో ఏడు. ఆ 1,800 మళ్లీ ఓనరు మీద పడ్డ నెలలో, ఆ అమ్మాయి ఇంక్రిమెంట్ ఏ ధైర్యంతో అడుగుతుంది?