మామ్మ, తాతయ్య ఉన్న ఇంటికి ఇన్వర్టర్ బల్బు: తుఫాను రాత్రి ఎంతవరకు ఆసరా?

ఒడిశాలోని బరంపురం బడా బజారులోనైనా, పర్లాకిమిడిలోనైనా కరెంటు సామాను కొట్టుకెళ్లి "తుఫాను వస్తోందంటున్నారు, ఏదైనా లైటు ఇవ్వండి" అనండి. ముందుగా తీసి చూపించేది ఇన్వర్టర్ బల్బే. పైకి మామూలు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు. మామూలు పిన్ను హోల్డరులోనే పడుతుంది. లోపల చిన్న లిథియం బ్యాటరీ ఉంటుంది, కరెంటు పోగానే దానంతటదే వెలుగుతుంది. రకాన్ని బట్టి 300 నుంచి 500 రూపాయలు. పెద్దవాళ్లిద్దరే ఉండే ఇంట్లో ఇది ఉండి తీరాలి. తుఫాను రాత్రంతా వెలుగుతుందన్న ఆశతో మాత్రం కొనకండి. కరెంటు పోయిన మొదటి నిమిషంలో మామ్మ గడప తట్టుకుని పడిపోకుండా ఉండటానికి కొనండి.

దీని అసలు గొప్పతనం ఏమిటంటే, కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేదు. టార్చి ఎక్కడ పెట్టామో వెతుక్కోనక్కర్లేదు, అగ్గిపెట్టె తడిసిందన్న బెంగ లేదు, లాంతరు గ్లాసు తుడవక్కర్లేదు. నలభై ఏళ్లుగా ఏ స్విచ్చి వేస్తున్నారో ఆ స్విచ్చే. మోకాళ్ల నొప్పులు, కంట్లో శుక్లాలు ఉన్నవాళ్లకి ఇంతకంటే సాయం చేసే లైటు ఈ ధరలో లేదు.

డబ్బా మీద 4 గంటలు అని రాసి ఉంటుంది. ఆ లెక్క చూద్దాం. ఎక్కువ బల్బుల్లో ఉండేది 3.7 వోల్టుల, 2200 ఎంఏహెచ్ (అంటే 2.2 ఆంపియర్ అవర్ల) సెల్లు. రెండూ గుణిస్తే ఎనిమిది వాట్ అవర్లు చిల్లర. 9 వాట్లతో వెలిగితే గంట కూడా రాదు. అందుకే బ్యాటరీ మీద ఉన్నప్పుడు వెలుగు బాగా తగ్గించుకుని, రెండు వాట్ల దగ్గర నడుస్తుంది. దారి కనిపిస్తుంది, మందు చీటీ చదవడానికి చాలదు. పైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర. మన గంజాం, గజపతి జిల్లాలకి పెద్ద గాలి ఎక్కువగా వచ్చేది ఈ నవరాత్రుల రోజుల్లోనే. అప్పుడు సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది, తెల్లారేసరికి ఆరు కావస్తుంది. పన్నెండు గంటల చీకటికి నాలుగు గంటల బల్బు! కాబట్టి ఒకటి కొంటే లాభం లేదు, మూడు కొనాలి. మూడూ ఒకేసారి వెలగనివ్వకండి. ఒకటి ఆరాక ఇంకొకటి వేసుకుంటే ఒక రాత్రి గడుస్తుంది. పెద్ద తుఫాను తర్వాత ఊళ్లకి కరెంటు రావడానికి రోజులు పడుతుంది కదా, రెండో రాత్రికి ఇవి పనికిరావు. దానికి సోలార్ లాంతరో, సెల్లులు మార్చుకునే టార్చో వేరే ఉండాలి.

బరంపురం పాత వీధుల్లో ఇళ్లు ముందు అరుగు నుంచి వెనక పెరడు దాకా వరుస గదులతో పొడుగ్గా ఉంటాయి. స్నానాల గది, మరుగుదొడ్డి వెనకే. అందుకే మొదటి బల్బు పెరటి గుమ్మం దగ్గర పెట్టాలి, రెండోది పడకగదికీ వంటింటికీ మధ్య గదిలో. మూడోది పడకగదిలో సరే గానీ, మంచం మీద పడుకున్న కళ్లకి ఎదురుగా వద్దు. ఈ బల్బులు చాలావరకు తెల్లటి వెలుగువి, శుక్లాలున్న కళ్లకి జిగేల్‌మని కొడతాయి.

ఇక చాలామందికి తెలియక బల్బు పాడైందనుకునే విషయం. సరఫరా ఆగినప్పుడు, మనం స్విచ్చి ఆపామా, లైనులోనే కరెంటు పోయిందా అన్నది బల్బు తేల్చుకోవాలి. అందుకని తన బ్యాటరీ నుంచి అతి కొద్దిపాటి కరెంటు వైరులోకి వదిలి చూస్తుంది. స్విచ్చి వేసి ఉంటే ఆ దారి ఇంట్లోని ఫ్యాను, ఫ్రిజ్, వీధి ట్రాన్స్‌ఫార్మరు మీదుగా తిరిగి బల్బుకి చేరుతుంది. అప్పుడు వెలుగుతుంది. స్విచ్చి ఆపితే దారి తెగుతుంది, ఆరిపోతుంది. మామూలు రోజుల్లో ఇది చక్కగా పని చేస్తుంది. తుఫానులో ఏమవుతుందంటే, గాలి మొదలవగానే మనమే మెయిను కట్టేస్తాం, లేదా చెట్టు పడి స్తంభం నుంచి ఇంటికొచ్చే తీగ తెగుతుంది. అప్పుడు ఇంట్లో ఇంకే స్విచ్చీ వేసి లేకపోతే బల్బుకి దారి దొరకదు. స్విచ్చి వేసినా వెలగదు, సరిగ్గా కావలసిన రాత్రే.

దీనికి ఉపాయం ఉంది. మెయిను కట్టేశాక ఒక సీలింగు ఫ్యాను స్విచ్చి వేసి ఉంచండి, రెగ్యులేటరు చివరి నంబరు మీద పెట్టండి. ఫ్యాను చుట్ట గుండా దారి మూసుకుని బల్బు వెలుగుతుంది. తక్కువ నంబర్ల మీద ఎలక్ట్రానిక్ రెగ్యులేటరులోని కెపాసిటరు అడ్డొస్తుంది, అందుకే చివరి నంబరు. టీవీ, సెల్‌ఫోను ఛార్జరు లాంటివి ఈ పనికి నమ్మకం కాదు. ఎండ కాసే రోజు మెయిను కట్టి ఒకసారి చూసుకోండి, ఏ ఫ్యాను వేస్తే వెలుగుతుందో ఆ స్విచ్చి పక్కన సుద్దతో గుర్తు పెట్టి మామ్మకి చూపించండి. ఇంట్లోకి నీళ్లొస్తే మాత్రం ఏ స్విచ్చీ ముట్టుకోవద్దు.

దీనికి తిరగబడిన గొడవ ఇంకొకటి. స్విచ్చి ఆపినా బల్బు సన్నగా వెలుగుతూ ఉంటే అది బల్బు తప్పు కాకపోవచ్చు. గోడ చెమ్మెక్కి పాత వైరింగులో కరెంటు కారుతోందన్నమాట. (చిన్న ఎర్ర దీపం ఉన్న స్విచ్చిలతోనూ ఇలా అవుతుంది.) అలా కనిపిస్తే వానల ముందే ఎలక్ట్రీషియన్ని పిలవండి.

ఛార్జింగు విషయంలో పెద్దవాళ్ల పొదుపే అడ్డొస్తుంది. నిండా ఎక్కాలంటే 8 నుంచి 10 గంటలు స్విచ్చి వేసి ఉండాలి, ఆపితే ఛార్జింగూ ఆగుతుంది. రాత్రి పూట మూడు గంటలు వేసి ఆపేసే ఇంట్లో బ్యాటరీ ఎప్పుడూ సగమే. వాతావరణ శాఖ తుఫాను అలర్టు సాధారణంగా 48 గంటల ముందు ఇస్తుంది. అది వినగానే మూడు బల్బులూ ఒక పగలంతా వేసి ఉంచమని తాతయ్యకి ఫోను చేసి చెప్పండి. ఆ పగటికి అయ్యే ఖర్చు పావు యూనిట్ పైచిలుకు కరెంటే.

గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు ఉప్పు గాలి మరో శత్రువు. హోల్డరు లోపలి రెండు ఇత్తడి పిన్నులు పచ్చగా చిలుము పడతాయి, వాటి కింది స్ప్రింగులు తుప్పు పట్టి లోపలికి దిగబడిపోతాయి. బల్బు బిగిసినట్టే ఉంటుంది, ఛార్జింగు మాత్రం సరిగ్గా ఎక్కదు. మెయిను కట్టి పిన్నులు గరుకు కాగితంతో రుద్దాలి, స్ప్రింగు లేవకపోతే హోల్డరే మార్చాలి.

మూసిన గాజు డోములో ఈ బల్బు పెట్టకండి. ఎల్‌ఈడీ వేడి బయటికి పోక పక్కనే ఉన్న సెల్లు మీద పడుతుంది. ఏడాది, రెండేళ్లకి ఆ నాలుగు గంటలు కాస్తా బాగా తగ్గిపోవచ్చు. వినాయక చవితికి ఒకసారి గడియారం పెట్టి చూసుకుని, రెండు గంటలు రాని బల్బుని మామూలు బల్బులా వాడుకోండి, దాని చోట కొత్తది పెట్టండి.

చేత్తో పట్టుకుని తిరగడానికి కొన్నిటితో కొక్కెం ఉన్న క్యాప్ ఇస్తారు. అది ఉన్నదే కొనండి. హోల్డరు నుంచి తీసి క్యాప్ బిగిస్తే బల్బు లాంతరు అయిపోతుంది, పెరట్లోకి వెళ్లేటప్పుడు తలుపు గొళ్లేనికి తగిలించుకోవచ్చు. స్విచ్చి ఆపాకే తీయాలన్నది మర్చిపోవద్దు.

కొట్లో పరీక్ష సులువు. వేలు కాస్త తడి చేసి బల్బు అడుగున ఉన్న రెండు చుక్కల మీద ఆనిస్తే వెలగాలి. వెలగకపోతే సెల్లు అడుగంటిందని, చాలాకాలంగా అరలో పడి ఉందని అనుకోవాలి. డబ్బా మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, తయారైన నెల, బ్యాటరీకి గ్యారంటీ ఎన్నాళ్లో చూడండి. బల్బుకి ఒక గడువు, బ్యాటరీకి ఇంకో గడువు ఉండొచ్చు. బిల్లు తీసుకుని హోల్డరు పక్కనే గోడకి అంటించేస్తే మార్పించే రోజున వెతుక్కోనక్కర్లేదు. ఉబ్బిన బల్బుని చెత్తబుట్టలో వేయకండి, విప్పి చూడకండి, సెల్లుకి నిప్పంటుకోవచ్చు. పాత బ్యాటరీలు తీసుకునే కొట్టుకి ఇచ్చేయండి.