ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్ళు పాటలు వినడానికి ఏది కొనాలి? మా ఓటు పిల్లో స్పీకర్‌కే

ఫైబ్రోమయాల్జియా అంటే ఒళ్ళంతా నొప్పులు, అలసట, నిద్రలేమితో ఏళ్ళ తరబడి వేధించే జబ్బు. అది ఉన్నవాళ్ళకు పాటలు వినడం ఒట్టి కాలక్షేపం కాదు. 2014లో ‘ఫ్రాంటియర్స్ ఇన్ సైకాలజీ’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో 22 మంది రోగులు, తాము ఎంచుకున్న హాయైన పాటలు ఒకసారి, పింక్ నాయిస్ అనే హోరు ఒకసారి విన్నారు. పాటలు విన్నాక నొప్పి తగ్గింది, కుర్చీలోంచి లేచి నడిచి రావడం మెరుగుపడింది. హోరుతో ఆ ఫలితం రాలేదు.

మరి ఆ పాటలు దేంతో వినాలి? కొట్లో దొరికే సరుకంతా ఒళ్ళు బాగున్నవాళ్ళను దృష్టిలో పెట్టుకుని చేసింది. బేస్ ఎంత దద్దరిల్లుతుంది, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది అని చూసి స్టార్లు ఇస్తారు. తాకితేనే నొప్పి పుట్టే ఒంటికి ఆ లెక్కలు పనికిరావు. ఆ వస్తువు ఎక్కడ ఆనుతుంది, ఎంత ఒత్తుతుంది అన్నదే ముందు చూడాలి.

ఈ జబ్బును గుర్తించడానికి అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ అనే కీళ్ళ వైద్యుల సంఘం 1990లో పెట్టిన నిబంధనల్లో, నొక్కితే నొప్పి పుట్టే 18 బిందువులు ఒంటి మీద ఉండేవి. పుర్రె వెనక అడుగుభాగం, మెడ కింది భాగం, భుజం పైకండ, రెక్క ఎముక పైభాగం అందులోవే. 2010లో బిందువులు లెక్కపెట్టే పద్ధతిని పక్కన పెట్టారు గానీ, నొప్పి ఆ చోట్లను వదిలి వెళ్ళలేదు. మెడ చుట్టూ వేసుకునే ఇయర్‌ఫోన్, అంటే నెక్‌బ్యాండ్, వాలేది సరిగ్గా అక్కడే. చేతిలో పట్టుకుంటే బరువే అనిపించదు, గంటసేపు మెడ మీద ఉంటే మాత్రం భుజం పైకండ పట్టేస్తుంది. చెవుల్ని పూర్తిగా మూసే పెద్ద హెడ్‌ఫోన్లు చాలావరకు పావు కిలో అటూ ఇటూగా తూగుతాయి. పైగా రెండు వైపులా కణతల్ని నొక్కుతాయి, ఆ బరువును మెడ మోయాలి. ఇయర్‌బడ్స్ తేలికే, కానీ ఈ జబ్బు ఉన్నవాళ్ళలో చాలామందికి దవడ కీలు నొప్పి కూడా ఉంటుంది. ఆ కీలు చెవి రంధ్రానికి ఆనుకునే ఉంటుంది కాబట్టి నమిలినా, ఆవులించినా బడ్ లోపల కదిలి గుచ్చుకుంటుంది. పక్కకు తిరిగి పడుకుంటే ఇక చెప్పక్కర్లేదు.

నిద్ర కోసమని అమ్మే గుడ్డ హెడ్‌బ్యాండ్లు వీటికన్నా నయం. వెల్క్రోతో వదులు చేసుకునే రకమైతేనే తీసుకోండి, ఒకే సైజు ఎలాస్టిక్ రకం వద్దు. లోపలి స్పీకర్ బిళ్ళలు రాత్రి జారి చెవి వెనక్కి పోతుంటాయి. మే నెల ఉక్కపోతలో నుదురంతా చెమటే. చలికాలానికి సరే.

పిల్లో స్పీకర్ ఒంటిని అసలు తాకదు. అరచేతిలో పట్టే పలుచని బిళ్ళ, దానికో వైరు. తలగడ కింద పెట్టుకుంటే మీకు వినిపిస్తుంది, పక్కవాళ్ళ నిద్ర చెడదు. సాదా రకం వందల రూపాయల్లోనే వస్తుంది. బ్లూటూత్ రకం కన్నా వైరు రకమే మేలంటాం. బ్లూటూత్ వాటిలో చాలావరకు ఛార్జింగ్ అయిపోయే ముందు బీప్ కొడతాయి, లేదా పెద్ద గొంతుతో ఏదో చెబుతాయి. నిద్ర పట్టక పట్టక పట్టినవాళ్ళు అర్ధరాత్రి ఉలిక్కిపడి లేస్తే మర్నాడు నొప్పి పెరుగుతుంది. ఈ జబ్బులో నిద్రకూ నొప్పికీ అంత దగ్గరి లంకె.

పెట్టే పద్ధతిలోనే సగం ఫలితం ఉంది. బిళ్ళను తల కింద నడిమధ్యన పెట్టకండి, చెవి ఆనే చోటు నుంచి మూడు వేళ్ళ దూరంలో, తలగడ అంచు వైపుకి జరపండి. గలేబు లోపల పెడితే గట్టిగా తగులుతుంది, తలగడ అడుగున ఉండాలి. బూరుగు దూది తలగడలోంచి శబ్దం బాగానే పైకి వస్తుంది, దట్టమైన మెమరీ ఫోమ్ మాత్రం చాలా మింగేస్తుంది. ఏ తలగడైనా సన్నని స్వరాల్నే ఎక్కువ అణిచేస్తుంది కాబట్టి గొంతు ముద్దగా వినిపిస్తుంది. అప్పుడు వాల్యూమ్ పెంచడం కాదు, ఫోన్‌లోని ఈక్వలైజర్‌లో ట్రెబుల్ (సన్నని స్వరాలు) పెంచి బేస్ (మందర స్వరాలు) తగ్గించండి. వైరును మెడ మీదుగా రానివ్వకుండా తలవైపు నుంచి మంచం వెనక్కి పోనివ్వండి. జాక్ దగ్గర వంపు పడితే కొన్నాళ్ళకు లోపలి తీగ తెగి గరగరమంటుంది, ఈ వస్తువులు ఎక్కువగా పాడయ్యేది అక్కడే.

ఇంకో చిక్కు. చాలావాటిలో స్పీకర్ ఒక్కటే ఉంటుంది. పాత స్టీరియో రికార్డింగుల్లో గొంతు ఒకవైపు, వాద్యాలు ఒకవైపు ఉంటాయి. అలాంటప్పుడు పాటలో సగం వినపడకపోవచ్చు. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్ళి మోనో ఆడియో ఆన్ చేస్తే సరిపోతుంది.

కొత్త ఫోన్లలో చాలావాటికి ఇయర్‌ఫోన్ జాక్ లేదు. టైప్-సి అడాప్టర్ కొంటే లోపల డాక్ చిప్ (ఫోన్‌లోని డిజిటల్ పాటను స్పీకర్‌కు వినిపించే సిగ్నల్‌గా మార్చేది) ఉన్నది అడిగి తీసుకోండి, చిప్ లేని చవక రకం కొన్ని ఫోన్లకు పనిచేయదు. దీనికన్నా మంచి దారి బీరువాలో మూలపడి ఉన్న, జాక్ ఉన్న పాత ఫోన్. పాటలు అందులో డౌన్‌లోడ్ చేసి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెడితే కాల్స్ రావు, వాట్సాప్ టింగుమనదు, యాడ్ మోగదు. ఉచిత యూట్యూబ్‌లో మెల్లని వీణ మధ్య సబ్బు ప్రకటన ఒక్కసారిగా అరిచిందంటే అంతవరకూ విన్న ఫలితమంతా పోతుంది. ఈ జబ్బులో చాలామందికి చప్పుడు కూడా ఎక్కువగానే తగులుతుంది. ఫోన్‌ను తలగడ కింద మాత్రం పెట్టకండి, ఛార్జింగ్‌లో ఉంటే అసలే వద్దు, వేడెక్కుతుంది.

పాటలు మీకు నచ్చినవే కావాలి. ఫలానా ధ్వని జబ్బు నయం చేస్తుందంటూ ‘528 హెర్ట్జ్ హీలింగ్’ అని ఎవరో పంపిన వీడియో మీకు విసుగు పుట్టిస్తే దాన్ని పట్టుకుని వేలాడనక్కర్లేదు. నిమిషానికి 120 దరువులకు మించని నిదానమైన నడక, హఠాత్తుగా హెచ్చని శబ్దం చూసుకోండి. కచేరీ రికార్డింగుల్లో ఆలాపన హాయిగా ఉంటుంది, తని ఆవర్తనం (మృదంగం లాంటి వాద్యాలు మాత్రమే వాయించే భాగం), చప్పట్లు వచ్చే భాగాలు తీసేయండి. సినిమా పాటల్లో గొంతు మెత్తగా సాగుతూ ఇంటర్లూడ్‌లో వయొలిన్లన్నీ ఒకేసారి విరుచుకుపడేవి రాత్రికి పనికిరావు. అరగంట జాబితా ఒకటి చేసి, షఫుల్ ఆపి, స్లీప్ టైమర్ పెట్టుకోండి.

రాత్రికే కాదు, ఉదయం ఒళ్ళు బిగుసుకుపోయినప్పుడు మంచం దిగకముందే పది పదిహేను నిమిషాలు వినండి. మేలు జరుగుతోందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. వినకముందు, విన్నాక నొప్పికి సున్నా నుంచి పది దాకా అంకె వేయండి. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోడానికి పట్టిన సెకన్లు రాసుకోండి. ఆసుపత్రుల్లోనూ ఇదే పరీక్ష చేస్తారు. ఒక్కరోజు అంకెను నమ్మకండి, ఈ నొప్పి రోజుకో తీరుగా ఉంటుంది. రెండు వారాలు రాస్తే తేడా కనిపిస్తుంది. మందులు, డాక్టర్ చెప్పిన వ్యాయామం ఆపకుండానే ఇదంతా.

కంపించే పరుపులు, కుర్చీ మీద పరిచే వైబ్రేషన్ మ్యాట్లు వేల రూపాయలకు అమ్ముతున్నారు. 40 హెర్ట్జ్ (సెకనుకు 40 సార్లు) కంపనంతో 2015లో కెనడాలో 19 మంది మహిళల మీద చేసిన అధ్యయనంలో మంచి ఫలితం వచ్చిన మాట నిజమే, అయితే అందులో పోల్చి చూడటానికి వేరే గుంపు లేదు. 2019లో 50 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఆ కంపనం, రెండో గుంపుకు క్రమంలేని వేరే కంపనం ఇచ్చి చూస్తే రెండు గుంపులకూ మేలు కనిపించింది, వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఆ డబ్బు దాచుకోండి.

పిల్లో స్పీకర్ రాగానే పెట్టె పారేయకండి. తలగడ కింద పెట్టి, అలవాటైన వాల్యూమ్‌లో వరుసగా మూడు నాలుగు రాత్రులు వినండి. పాట లేనప్పుడు కూడా సన్నగా బుస్సుమంటున్నా, జాక్ కొంచెం కదిపితే గరగరమన్నా రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పంపండి.